అమ్మను చూసుకుంటున్న అక్కకి నేనేం చేయగలను?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా చెబుతాం.

వాళ్ల అమ్మగారికి 76 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. నాన్నగారు లేరు. ముగ్గురు పిల్లల్లో పెద్దామె, అంటే ఈమె అక్క, అమ్మను తన దగ్గరే ఉంచుకుని చూసుకుంటోంది. అక్కకి 51 ఏళ్లు. ఏడాదిన్నర కిందట ఉద్యోగం మానేసింది. అమ్మ రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు లేచి "మా ఇంటికి వెళ్లాలి" అంటూ తలుపు దగ్గరికి వెళుతుంది. స్నానం అంటే గొడవ. పర్సు కనబడకపోతే అక్కే తీసిందంటుంది. కానీ ఫోన్ చేస్తే మాత్రం "బాగున్నావా, పిల్లలెలా ఉన్నారు" అని చక్కగా పలకరిస్తుంది. అది విని అన్నయ్య "అక్క కాస్త ఎక్కువ చేసి చెబుతోంది" అంటాడు.

ఈమె దూరంగా ఉద్యోగంలో ఉంది. నెలనెలా కొంత డబ్బు పంపుతోంది. పోయిన నెల ఐదు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. అమ్మ గది సర్ది, పాత కుర్చీ తీసేసి, మంచాన్ని కిటికీ పక్కకి జరిపింది. స్నానం సాయంత్రానికి మార్చి చూసింది. రోజంతా టీవీ పెట్టొద్దని అక్కకి చెప్పింది. రెండో రాత్రి అమ్మకి బాత్రూమ్ దారి తెలియక గోడ తడుముకుంటూ గదిలోనే తడిపేసుకుంది. మర్నాడు పర్సు గొడవ వస్తే "అక్క తీయలేదమ్మా, నువ్వే మర్చిపోయావు" అని ఈమె నచ్చజెప్పబోయింది. అమ్మ ఏడుపు, అరుపులు. బయల్దేరేటప్పుడు అక్క "నువ్వు వచ్చి నాకు ఇంకో పని పెట్టి వెళ్తున్నావు" అంది.

పోయిన వారం రాత్రి అక్కే ఫోన్ చేసి "ఒక్కోసారి అమ్మ వెళ్లిపోతే బాగుండనిపిస్తోందే" అని ఏడ్చింది. ఈమె హడలిపోయి "అలా అనకూడదక్కా" అంది. అప్పట్నుంచి అక్క ఫోన్ ఎత్తడం లేదు, పొడి పొడి మెసేజ్‌లు పెడుతోంది. "అమ్మను మూడు నెలలు నా దగ్గరికి తెచ్చుకోనా? మనిషిని పెట్టనా? వృద్ధుల్ని చూసుకునే హోమ్‌లో చేర్చడమంటే అన్నయ్య ఒప్పుకోడు, ఆయనకి ఎలా చెప్పాలి? అసలు అక్కతో ఎలా మాట్లాడాలి?" అని అడుగుతోంది.

సమాధానం:

మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఆ రాత్రి మీ అక్క అన్న మాట తేలాలి. ఈ జబ్బులో మనిషి కళ్లముందే ఉంటూ కొంచెం కొంచెంగా దూరమవుతుంది. చూసుకునేవాళ్లు సేవ చేస్తూనే ఆ మనిషి కోసం లోలోపల ఏడుస్తూ ఉంటారు. దానికి తోడు నెలల తరబడి నిద్ర ఉండదు. అమ్మ ఉండాలన్న కోరికా, ఈ బాధ ముగియాలన్న కోరికా ఒకే మనసులో ఉంటాయి. చాలామంది సంరక్షకులకి ఈ ఆలోచన వస్తుంది, బయటికి చెప్పేవాళ్లు తక్కువ. మీ అక్క మీకు చెప్పుకుంది. మీరు భయంతో అన్న మాట ఆమెకి తీర్పులా వినిపించింది. దాన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. "అక్కా, ఆ రోజు నువ్వు చెప్పింది నేను సరిగ్గా వినలేదు, భయపడ్డాను. మళ్లీ చెప్పు, ఈసారి మధ్యలో మాట్లాడను" అని మెసేజ్ పెట్టండి. ఫోన్ ఎత్తాక నిజంగానే మాట్లాడకండి.

విన్నాక ఒక ప్రశ్న మాత్రం సూటిగా అడగండి: "నీకే చచ్చిపోవాలనిపిస్తోందా? అమ్మని ఏమైనా చేసేస్తానేమోనని భయం వేస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. అడగడం వల్ల మనసు తేలికపడటమే ఎక్కువ. అవునన్నా, మాట దాటేసినా, ఆ రోజే దగ్గర్లో ఉన్న ఎవరినైనా ఆ ఇంటికి పంపండి, ఆమెని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలూ అమ్మగారి మందులూ వాళ్ల చేతికి ఇప్పించి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనండి. "అదేం లేదు, అలిసిపోయాను" అంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. అయినా కొన్ని గుర్తులు కనిపెట్టి ఉండాలి: తిండి మానేయడం, అమ్మ నిద్రమాత్రలు తను వేసుకోవడం, తన బీపీ షుగర్ పరీక్షలు వదిలేయడం, అమ్మని గదిలో పెట్టి గొళ్లెం వేసి బయటికి వెళ్లడం, చెయ్యి చేసుకోవడం. చెయ్యి చేసుకున్నానని ఒప్పుకుంటే తిట్టకండి. మోయగలిగిన హద్దు దాటిపోయిందని అర్థం. ఆ వారంలోనే ఎవరో ఒకరు వెళ్లి ఆ పని తీసుకోవాలి. అమ్మగారి క్షేమానికైనా, అక్క క్షేమానికైనా అదొక్కటే దారి.

ఇప్పుడు మీ ఐదు రోజుల సంగతి. మీరు అమ్మగారికి సాయం చేయడానికి వెళ్లారు, అక్కకి సాయం చేయడానికి వెళ్లలేదు. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ చాలా తేడా ఉంది. అమ్మగారికి కొత్త సంగతులు గుర్తుండవు, కానీ ఒంటికి అలవాటైన దారులు చాలాకాలం మిగులుతాయి. మంచం దిగి, కుర్చీ వెన్ను పట్టుకుని, ఎడమకి తిరిగితే బాత్రూమ్ అని ఆమె కాళ్లకి తెలుసు. మంచం జరిపి, కుర్చీ తీసేసేసరికి ఆ ఆనవాళ్లు పోయాయి. రాత్రి జరిగింది అదే. కుర్చీ మళ్లీ అక్కడే పెట్టించండి, మంచం పాత చోటికి జరిపించండి. గదిలో మార్చదగ్గవి వేరే ఉన్నాయి: మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు, పడుకున్నచోటి నుంచి కమోడ్ కనబడేలా తెరిచి ఉంచిన తలుపు, కమోడ్ మీద గోడ రంగులో కలిసిపోని ముదురు రంగు సీటు, కాలికి తగిలే చిన్న తివాచీలు తీసేయడం. అవి కూడా అక్కని అడిగి, వారానికొకటి చొప్పున మార్చండి.

టీవీ సంగతీ అంతే. రోజంతా టీవీ అమ్మగారికి మంచిది కాకపోవచ్చు. కానీ అమ్మ టీవీ ముందు కూర్చున్న వేళలోనే అక్క వంటా బట్టలూ కానిచ్చుకుంటోంది కాబోలు. ఆ వేళకి అమ్మ పక్కన కూర్చునే మనిషిని చూపించకుండా టీవీ కట్టేయమంటే, అది సలహా అనిపించదు, నింద అనిపిస్తుంది. పని చేస్తున్నది ఎవరో నిర్ణయం వాళ్లది. సాయానికి వచ్చినవాళ్లు వాళ్ల పద్ధతిలోనే చేయాలి. వాళ్ల పద్ధతి మీకు తప్పనిపించినా, అమ్మగారికి ప్రమాదం లేనంతవరకు అలాగే చేయండి.

దూరం నుంచి చేయగలిగినవి మీరనుకున్నదానికంటే ఎక్కువే. "ఏమైనా కావాలంటే చెప్పక్కా" అన్న మాటని మాత్రం మానేయండి. ఏం కావాలో ఆలోచించి, ఎవరికి ఏది అప్పజెప్పాలో చూసుకుని, అడగడానికి మొహమాటపడటం కూడా ఒక పనే, ఆ పని మళ్లీ అక్క మీదే పడుతుంది. ఒక పనిని మొత్తం మీ నెత్తిన వేసుకోండి. ఉదాహరణకి మందులు. ఏ మందు ఎన్ని మిగిలాయో మీరు లెక్క చూసుకుని, అయిపోవడానికి వారం ముందే ఇంటికి చేరేలా మీరే తెప్పించాలి. అక్క ఆ సంగతి తలచుకోవాల్సిన అవసరమే రాకూడదు. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, బీమా కాగితాలు, బ్యాంకు పనులు, డైపర్లు తెప్పించడం, బంధువుల ఫోన్లకి జవాబు చెప్పడం కూడా దూరం నుంచి చేయవచ్చు. అక్క వంట చేసుకునే వేళకి రోజూ వీడియో కాల్ చేసి అమ్మగారితో 20 నిమిషాలు పాత ఫొటోల గురించి మాట్లాడటం అన్నిటికంటే విలువైనది కావచ్చు. అమ్మగారు విసుక్కుంటే మాత్రం సాగదీయొద్దు. ఇంకో ముఖ్యమైన పని: అమ్మగారికి ఇంకా అర్థం చేసుకుని సంతకం పెట్టే శక్తి ఉంటే ఆస్తి, బ్యాంకు ఖాతా, వైద్య నిర్ణయాలు ఎవరు చూడాలన్న కాగితాలు ఇప్పుడే రాయించుకోవాలి. జబ్బు ముదిరాక ఆమె సంతకం చెల్లదు. వకీలుతో మాట్లాడే పని మీరు తీసుకోండి.

ఫోన్ చేసినప్పుడు "అమ్మ ఎలా ఉంది?" అని మొదలుపెట్టకండి. రోజుకి ఐదుగురు అదే అడుగుతారు. "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగండి. అక్క ఒక ఇబ్బంది చెబితే, "సలహా చెప్పమంటావా, ఊరికే వినమంటావా?" అని అడిగి ఆమె ఏదంటే అది చేయండి. వారంలో రెండుసార్లు ఒకే రోజు, ఒకే వేళకి చేస్తే ఆమె ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. కొన్ని రోజులు అమ్మ మాటే రాకుండా మాట్లాడండి. ఆమె మీ అక్క కూడా.

మళ్లీ వెళ్లేటప్పుడు ఎలా వెళ్లాలో కాస్త వివరంగా చెబుతాం. కనీసం వారం రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులూ ఏ పనీ మార్చకుండా అక్క వెనకాలే ఉండి చూడండి. ఆమె ఏ మాట అంటే అమ్మ లేస్తుంది, మందు దేంట్లో కలిపి ఇస్తుంది, ఎంతసేపటికోసారి బాత్రూమ్‌కి తీసుకెళ్తుంది, ఏ ప్రశ్నకి ఏం జవాబిస్తుంది, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మందుల పేర్లు, మోతాదు, వేళ, అలెర్జీలు, డాక్టర్ నంబరు, అమ్మగారు ఏ పిలుపుకి పలుకుతారు, ఏ ప్రస్తావన తెస్తే ఏడుస్తారు, ఏ పాట పెడితే శాంతిస్తారు, ఈ మధ్య తీసిన ఒక ఫొటో. ఇది అక్కే రాయాలని అడగొద్దు. ఆమె చేసేది ఆమెకి అంత అలవాటైపోయింది, అడిగితే "ఏముంది, మామూలే" అంటుంది. చూసి రాసేవాళ్లకే కనబడుతుంది. మూడో రోజు నుంచి మీరు చేయండి, అక్క ఇంట్లోనే ఉంటుంది. నాలుగో రోజు నుంచి అక్క ఇల్లు దాటాలి. పక్క గదిలో ఉండి విశ్రాంతి తీసుకోమంటే కుదరదు. అమ్మ పిలుపు వినబడగానే లేచి వస్తుంది. రెండు రాత్రులు వేరే ఇంట్లో పడుకుంటే అదే గొప్ప సాయం. వెళ్లాక ఆమెకి మీరు ఫోన్ చేసి చిన్న చిన్నవి అడగకండి. కాగితం అందుకే.

ఆ రోజుల్లో స్నానం మీకు అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. అమ్మగారికి స్నానం అంటే ఎవరో బట్టలు లాగేసి, చలిలో నిలబెట్టి, కనబడని చోటి నుంచి తల మీద నీళ్లు పోయడం. మొండితనం కాదది, భయం. గది ముందే వెచ్చబరచండి. తువ్వాలు, బట్టలు, సబ్బు చేతికందేలా పెట్టుకున్నాకే పిలవండి. "స్నానం చేద్దామా?" అంటే "వద్దు" అన్న జవాబే వస్తుంది. "కాళ్లు కడుగుదాం రామ్మా" అనండి. స్టూలు మీద కూర్చోబెట్టి భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచి, నీళ్ల వేడి మీ మణికట్టు మీద చూసుకుని, పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి. తల చివర్లో, లేదా వేరే రోజు. మగ్గు ఆమె చేతికే ఇచ్చి మీరు సాయం పట్టుకుంటే తన పని తానే చేసుకుంటున్నట్టుంటుంది. ఒప్పుకోకపోతే వదిలేసి 20 నిమిషాల తర్వాత వేరే మాటతో మళ్లీ రండి. వారానికి రెండు మూడు స్నానాలు చాలు, మిగతా రోజుల్లో తడిబట్టతో ముఖం, చంకలు, తొడల సందులు తుడిస్తే సరిపోతుంది. అమ్మగారు ఇంతకాలం పొద్దున స్నానం చేసిన మనిషైతే పొద్దునే చేయించాలి. సాయంత్రానికి మార్చడం ఎందుకు బెడిసికొట్టిందంటే, ఈ జబ్బులో చాలామందికి పొద్దువాలే వేళకే గాభరా, చిరాకు పెరుగుతాయి.

ఆ సాయంత్రం గాభరాకి కొన్ని పనులు చేయవచ్చు. పొద్దున ఎండ తగిలేలా కాసేపు నడిపించడం, పగటి కునుకు అరగంట లోపు, అదీ మూడు దాటకుండా చూడటం, చీకటి పడకముందే తెరలు వేసి లైట్లు వెలిగించడం, ఆ వేళ జనాన్ని, టీవీ వార్తల్ని తగ్గించడం. "మా ఇంటికి వెళ్లాలి" అన్నప్పుడు "ఇదే మీ ఇల్లు" అని వాదించకండి. ఆమె అడుగుతున్నది చిరునామా కాదు, భయం లేని చోటు. "వెళ్దాంలే అమ్మా, మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు?" అని మాటల్లో పెట్టి, ఇల్లంతా ఒక చుట్టు తిప్పి తెచ్చి కూర్చోబెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. బయటి తలుపుకి తెరిస్తే మోగే గంట పెట్టించండి. చేతికి పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టీ వేయించండి. అమ్మగారు ఎప్పుడైనా కనబడకపోతే ఇల్లు, మేడ, వీధి 15 నిమిషాలు వెతికి, వెంటనే పోలీసులకి ఫోన్ చేయాలి, సాయంత్రం దాకా ఆగకూడదు.

పర్సు గొడవలో మీరు అక్క తరఫున నిలబడబోయారు, ఆ మనసు మంచిదే. అమ్మగారికి పర్సు దాచిన జ్ఞాపకం లేదు, పర్సు లేదన్న నిజం మాత్రం కళ్లెదుట ఉంది. ఆ ఖాళీని మెదడు దగ్గరున్న కథతో నింపేస్తుంది. కథలో దొంగ ఎప్పుడూ దగ్గరుండే మనిషే, ఎందుకంటే కనబడేది వాళ్లే. "నువ్వే మర్చిపోయావు" అంటే ఆమెకి అవమానం, మీరిద్దరూ కలిసి ఆమె మీద కుట్ర చేసినట్టు. "అయ్యో, కనబడట్లేదా? పద, వెతుకుదాం" అనండి. దిండు కింద, మడత బట్టల్లో, చెత్తబుట్టలో దొరుకుతుంది. చెత్త పారేసే ముందు చూసుకోవడం అలవాటు చేసుకోండి. అలాంటి పర్సే ఇంకోటి కొని ఉంచితే సగం గొడవలు తగ్గుతాయి. తర్వాత వంటింట్లో అక్కతో మాత్రం చెప్పండి, "నువ్వు తీయలేదని నాకు తెలుసక్కా" అని. ఆ మాట ఆమెకి కావాలి. అమ్మ అన్నది జబ్బు వల్లే అని తెలిసినా దొంగ అనిపించుకోవడం నొప్పిగానే ఉంటుంది.

ఇంకో సంగతి మీరూ అక్కా ఇద్దరూ గుర్తుంచుకోవాలి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, నెలల మీద నెమ్మదిగా ముదురుతుంది. గంటల్లో, రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా మనిషి మారిపోతే, అంటే ఎప్పుడూ లేనంత మత్తుగా పడుకోవడం, ఎవరో కనబడుతున్నారని కేకలు వేయడం, నడక తప్పడం లాంటివి జరిగితే, అది జబ్బు ముదిరిందని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపిస్తే చాలాసార్లు తగ్గుతుంది. జలుబుకీ దురదకీ వాడే, మత్తు కలిగించే పాతకాలపు మందులు మతిమరుపుని పెంచుతాయి, డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకూడదు. అమ్మగారు అల్జీమర్స్‌కి ఇచ్చే డొనెపెజిల్ మందు రాత్రిపూట వేసుకుంటుంటే పీడకలలు, నిద్రాభంగం దానివల్ల కూడా రావచ్చు. పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. అరుపులకీ కోపానికీ మానసిక వైద్యంలో వాడే గట్టి మందులు రాస్తే, వయసు పైబడ్డ డిమెన్షియా రోగుల్లో పక్షవాతం, మరణం ముప్పుని అవి కొంత పెంచుతాయని తెలిసే వాడాలి. అవసరమైనప్పుడు తక్కువ మోతాదులో, తక్కువ కాలం ఇచ్చి, ఆరు వారాలకోసారి ఇంకా అవసరమా అని చూడాలి. ఈ ప్రశ్నలు డాక్టర్ గదిలో అమ్మని సముదాయిస్తూ అక్కకి గుర్తుండవు. మీరు రాసి పంపండి, ఆ వేళకి ఫోన్లో ఉండండి.

అమ్మగారిని మూడు నెలలు తెచ్చుకోవడం గురించి. వంతులు వేసుకోవడం పిల్లలకి న్యాయంగా కనిపిస్తుంది, కానీ ఆ లెక్క ఈ జబ్బుకి సరిపోదు. కొత్త ఇంట్లో బాత్రూమ్ దొరకదు, రాత్రిళ్లు పడిపోయే ప్రమాదం పెరుగుతుంది, అలవాటు పడటానికే వారాలు పడుతుంది, పడేసరికి తిరుగు ప్రయాణం. జబ్బు తొలిదశలో ఉండుంటే పర్వాలేదు అనేవాళ్లం. రాత్రిళ్లు ఇల్లు గుర్తుపట్టని దశలో అమ్మని కదిలించడం కంటే మీరు కదలడం మేలు: ఏడాదికి నాలుగుసార్లు పది రోజుల చొప్పున మీరు వెళ్లి, అక్క బయటికి వెళ్లడం. అక్క ఆరోగ్యం పాడై ఇక చూసుకోలేని పరిస్థితి వస్తే మీ ఇంటికి తెచ్చుకోవచ్చు, కానీ అప్పుడు తిప్పి పంపే ఆలోచన లేకుండా తెచ్చుకోవాలి. ఆమె మంచం, దుప్పట్లు, ఆ కుర్చీ వెంట తెచ్చి అదే వరసలో అమర్చాలి. మీ ఉద్యోగం, పిల్లలు, మీ ఇంట్లోవాళ్ల మాట, పగలు ఎవరుంటారన్నది తేల్చుకోకుండా "నేను తీసుకెళ్తా" అనొద్దు. ఆశపెట్టి వెనక్కి తగ్గితే అక్క ఇంకా కుంగిపోతుంది.

మనిషిని పెట్టడం వీటన్నిటిలో తొందరగా ఫలితమిచ్చేది. కానీ ఎక్కువమంది పగటికి పెడతారు. మీ అక్కకి ముందు కావాల్సింది నిద్ర. వారంలో రెండు మూడు రాత్రులకి మనిషి దొరికితే పగలు ఆమె చాలావరకు తట్టుకోగలదు. వచ్చే మనిషికి డిమెన్షియా ఉన్నవాళ్లని చూసుకున్న అనుభవం ఉందా, వద్దన్నప్పుడు బలవంతం చేస్తుందా, ఎత్తి దించడం తెలుసా, ఇవి అడగండి. మొదటి వారం అక్క ఇంట్లో ఉండగానే రావాలి. "నిన్ను చూసుకోవడానికి వచ్చింది" అంటే అమ్మగారు తరిమేస్తారు. "అక్కకి పనిలో సాయానికి వచ్చింది" అంటే కూర్చోనిస్తారు. మనుషులు మానేస్తుంటారు, మళ్లీ వెతకాలి. వెతికే పనిని మీరు తీసుకోండి, ఆ కాగితం కొత్తవాళ్లకి ఇవ్వండి. "ఎవరూ నాలా చూసుకోరు" అని అక్క అనొచ్చు, నిజమే. నెలరోజులు చూసి నచ్చకపోతే ఆపేద్దామని ఒప్పించండి.

దీనికి డబ్బు కావాలి గనుక ఆ మాట కూడా దాచకూడదు. మీరు పంపేది అక్క అడిగినా అడగకపోయినా ఒకే తేదీకి, ఒకే మొత్తంగా, ఫలానా ఖర్చుకి అని వెళ్లాలి. అక్క వదులుకున్న జీతం కూడా ఈ కుటుంబం పెడుతున్న ఖర్చే. ముగ్గురూ కూర్చుని ఎవరి వంతు డబ్బు, ఎవరి వంతు గంటలు, అమ్మగారి సొమ్ములో ఎంత ఆమె కోసం వాడాలి అని రాసుకోండి. రాయకుండా వదిలేస్తే ఇది రేపు ఆస్తి పంపకాల దగ్గర గొడవై బయటపడుతుంది.

అన్నయ్యకి ఎలా చెప్పాలన్నారు. చెప్పొద్దు, అక్క ఇంట్లో రెండు రాత్రులు ఉండమనండి, అక్క లేకుండా. మర్యాద మాటలు, పలకరింపులు చాలా పాత అలవాట్లు, కొత్త జ్ఞాపకాలు పోయినా అవి మిగులుతాయి. పది నిమిషాల ఫోన్‌కి అవి చాలు. ఫోన్ పెట్టేశాక ఎవరితో మాట్లాడిందో కూడా గుర్తుండకపోవచ్చు. అమ్మ పరిస్థితి నిరూపించడానికి ఆమె చిరాకు వీడియోలు తీసి పంపకండి, ఫోన్లో "నేనెవరో చెప్పు" అని పరీక్షలు పెట్టనివ్వకండి, ఆమె పరువుకి అది దెబ్బ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో డిమెన్షియా ఉన్నవాళ్లకి ఇంటివాళ్లు సగటున రోజుకి 5 గంటలు సేవ చేశారు, ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవే. మీ అక్క రాత్రుళ్లు కలిపితే ఆ సగటు ఎప్పుడో దాటిపోయింది. అన్నయ్య రెండు రాత్రులు ఉండలేనంటే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే బాధ్యత పూర్తిగా ఆయనకి ఇవ్వండి. డాక్టర్ నోటి నుంచి విన్నది వేరుగా పనిచేస్తుంది.

ఇలా కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవడానికి విలువ లేదనుకోకండి. న్యూయార్క్‌లో పరిశోధకురాలు మేరీ మిటెల్‌మన్ బృందం అల్జీమర్స్ రోగుల భార్యలు, భర్తలు 406 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సమావేశాలు ఏర్పాటు చేశారు, వాటిలో నాలుగు మిగతా కుటుంబసభ్యులతో కలిపి. తర్వాత సహాయక బృందం, అవసరమైనప్పుడు ఫోన్లో సలహా. ఆ కుటుంబాల్లో రోగిని హోమ్‌లో చేర్చాల్సి రావడం మామూలుగా కంటే సగటున ఏడాదిన్నర వెనక్కి వెళ్లింది. రోగికి ఇచ్చే మందేమీ మార్చలేదు, చూసుకునేవాళ్ల చుట్టూ మనుషుల్ని నిలబెట్టారు. మీకు దగ్గర్లో అలాంటి కౌన్సెలర్ గానీ, సంరక్షకుల బృందం గానీ ఉంటే అక్కని చేర్పించండి, ఆ గంటకి అమ్మ దగ్గర ఎవరుంటారో కూడా చూసి.

హోమ్ మాట ఇప్పుడే నిర్ణయించక్కర్లేదు, కానీ ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఏం జరిగితే ఆ అడుగు వేయాలో ముగ్గురూ ముందే ఒప్పుకోండి: అక్క ఆరోగ్యం దెబ్బతినడం, అమ్మని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి రావడం, రాత్రి మనిషి ఉన్నా అక్కకి నిద్ర లేకపోవడం, ఇంట్లో ఎవరో ఒకరికి దెబ్బ తగిలే పరిస్థితి. వీటిలో ఒకటి వచ్చిన రోజు ఎవరూ అక్కని "వదిలించుకుంది" అనకూడదు. వెతికే పని మీదీ అన్నయ్యదీ. ఒకసారి చెప్పకుండా సాయంత్రం ఏడింటికి వెళ్లి చూడండి, పగలు అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి ఎంతమందికి ఎంతమంది సిబ్బంది, స్నానం వద్దంటే ఏం చేస్తారు, మత్తు మందులు ఎవరి అనుమతితో ఇస్తారు, కుటుంబం ఎప్పుడైనా రావచ్చా అని అడగండి. వీలైతే ముందు రెండు వారాలు ఉంచి చూడండి. మొదట్లో అమ్మగారు మరింత కలవరపడటం, ఏడవడం సాధారణమే, అది చూసి అక్క రోజంతా అక్కడే కూర్చుంటుంది, ఇంటికొచ్చి అన్నం ముట్టదు. చేర్చిన ఆ మొదటి వారానికి మీరు సెలవు పెట్టుకోండి. హోమ్‌లో ఉండటానికి కాదు, అక్క ఇంట్లో ఉండటానికి.